తెగియు తెగని తీగ

కలికిరిలోని మా పాతయింటి రాతిగోడలకు వైఫై గిట్టదు. అందుచే రెండు మెష్ పెట్టెలను గొని, మేడమీదిదానిని క్రిందిదానితో ఈథర్నెట్ తీగచే గలిపితిమి. కువైటులోనున్న మా నాయనకు శుక్రవారము సెలవు. ఆనాటి సంభాషణమున కిదియే యాధారము.

వేసవిలో నాయన ముఖము తెరపై మాటిమాటికి నిలిచిపోజొచ్చెను. పోర్టు చెడినది, క్రొత్త పెట్టె కొనుడని దుకాణదారుడు చెప్పెను. నాయన చెమటోడ్చిన సొమ్ము నట్లు వెచ్చించుటకు మాయమ్మ యొప్పలేదు.

తీగను వేఱొక పోర్టున బెట్టి చూచితిని, మార్పు లేదు. సెకనుకు 1000 మెగాబిట్లు చూపవలసినచోట 100 మాత్రమే కనబడెను. ఈ యంకెయే గుట్టు దెలిపెను. తీగలో నెనిమిది పోగులు, అనగా నాలుగు జతలు కలవు. 100కు రెండు జతలు చాలును. 1000కి నాలుగును వలయును. ఒక పోగు తెగినను పని సాగుచున్నట్లే తోచును. తీగ పూర్తిగా విడివడినప్పుడు పెట్టె గుట్టుగా గాలిమార్గమునకు మరలును. దీపము మాత్రము వెలుగుచునే యుండును. ఇదియే మోసము.

రెండు పెట్టెలను బల్లపై జేర్చి వేఱొక చిన్నతీగతో గలుపగా వెంటనే 1000 కనబడెను. పెట్టెలు నిర్దోషములు! వెదకగా, మేడతలుపు నలిపినచోట తీగకొస చదునైయుండెను. దానిని గత్తిరించి, రంగుల వరుస రెండుకొసల నొకటిగా నుండునట్లు క్రొత్త కనెక్టరు వేయించితిమి. ఇప్పుడా తీగ తలుపుజోలికి బోక కిటికీప్రక్కగా మేడ కెక్కుచున్నది.