అత్తమ్మ డబ్బాల మీద చుక్కలు

మేమిద్దరం ఒకే ఇంటి కోడళ్ళము. మెదకుకు దగ్గరలో ఉన్న ఒక చిన్న పల్లె మాది. మాలో పెద్దామెకు కుట్టుపని వచ్చు, చిన్నామె బొమ్మలు వేస్తుంది. అందుచేత క్రిస్మస్ వచ్చిందంటే గుడిలో కట్టే బ్యానరు పని ఏటా మా మీదనే పడుతుంది. రెండేళ్ళ క్రిందట స్త్రీల మైత్రిలో ఒక అక్క, "ఈసారి అక్షరాలు ఉబ్బెత్తుగా లేచి కనబడాలి, వెనుక బెంచీలో కూర్చున్నవారికి కూడా తెలియాలి" అన్నది. ఆ మాట పట్టుకొని మేము పట్నం వెళ్ళాము.

ఆ ప్రయాణానికి ఇంకొక పని కూడా ఉన్నది. మా ఆడబిడ్డ కూతురి పెళ్ళికి గాజులు కొనాలి. లాడ్ బజారు గాజులే కావాలని ఆ పిల్ల పట్టు. మా అత్తమ్మ కూడా వస్తానన్నది. ఆమెకు నీటికాసుల జబ్బు వచ్చి రెండు కళ్ళూ పోయి అప్పటికి నాలుగేండ్లు. ఆ జబ్బు నొప్పి లేకుండా, చెప్పకుండా చూపును ప్రక్కల నుండి తినుకుంటూ వస్తుంది. పోయిన చూపు ఏ మందుతోనూ తిరిగి రాదు. ముందుగా కనిపెడితే మిగిలినదాన్ని కాపాడుకోవచ్చునట. మేము కనిపెట్టలేదు. గడప తగిలి పడినప్పుడల్లా ముసలితనమనుకున్నాము. నలభై దాటినవారు, ముఖ్యంగా ఇంటిలో ఎవరికైనా ఈ జబ్బు ఉన్నవారు, కంటి వత్తిడి పరీక్ష చేయించుకోవాలని ఆ తరువాత డాక్టరు చెబితే తెలిసింది. ఇది చదువుతున్నవారు మావలె ఆలస్యం చేయవద్దు.

"కండ్లు లేనిదానివి, ఆ రద్దీలో నీకేం కనబడ్తది?" అని మామయ్య ఆపబోయాడు. "వాసనన్న చూస్త గద" అన్నది అత్తమ్మ.

ఇమ్లీబన్‌లో బస్సు దిగి, అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ దాటి, మదీనా నుండి పత్తర్‌గట్టీ రాతి కమానుల క్రిందుగా నడిచాము. ఒకవైపు ఒక కోడలు, ఇంకొకవైపు ఇంకొక కోడలు, మధ్యన అత్తమ్మ. అత్తరు వాసన వచ్చినచోట ఆగింది, బిర్యానీ వాసన వచ్చినచోట ఆగింది. గుల్జార్ హౌజ్ దగ్గర నీళ్ళ చప్పుడు కోసం చెవి పెట్టింది గాని ఆటోల హారన్లలో ఏం వినబడుతుంది! చార్మినారు ముందు నిలబెట్టి, "ఇదే అత్తమ్మా, 1591లో కట్టినది. గోడల నిండా సున్నంతో ఉబ్బెత్తుగా పువ్వులు, తీగలు చేసినారు" అని చెప్పాము.

"ముట్టుకోవచ్చునా?"

"పైన ఉన్నయి, అందవు."

ఆమె ఏమీ అనలేదు. చేయి మాత్రం కొంచెం లేచి మళ్ళీ దిగింది. ఆ చేయి మాకు చాలా రోజులు గుర్తున్నది.

లాడ్ బజారు చార్మినారుకు పడమటి వైపున ఉంటుంది. అక్కడి లక్క గాజులకు 2024లో ప్రభుత్వపు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బొగ్గుల సెగ మీద లక్కను మెత్తబరచి, రంగు కలిపి, లోహపు కడియం చుట్టూ అద్ది, అది వెచ్చగా ఉండగానే ఒక్కొక్క రాయినీ పొదుగుతారు. చల్లారితే లక్క గట్టిపడి రాయిని పట్టుకుంటుంది. దుకాణం ఆయన మా అత్తమ్మను చూసి, తెలిసి, ఒక గాజు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "హాత్ లగాకే దేఖో అమ్మా" అన్నాడు. అత్తమ్మ వ్రేళ్ళతో గాజు చుట్టూ మెల్లగా తిరిగివచ్చి, "మూడు వరుసలు. నడిమి వరుసల పెద్ద రాళ్ళు. ఈడ ఒకటి లేదు" అన్నది. ఆయన గాజును వెలుతురులో పెట్టి చూస్తే నిజంగానే ఒక రాయి ఊడిపోయి ఉన్నది! కళ్ళున్న నలుగురమూ దానిని చూడలేదు. ఆయన నవ్వి వేరే జత ఇచ్చాడు, బేరం కూడా కొంచెం తగ్గించాడు.

ఆ ప్రక్క సందులో లేసులు, జరీ, గోటా, అద్దాలు అమ్మే చోట మా రంగులు దొరికాయి. వీటిలో రెండు రకాలున్నవని అక్కడే తెలుసుకున్నాము. సన్నని ముక్కు ఉన్న గొట్టంలో వచ్చే లైనరు ఒకటి. దీనిని త్రీడీ అవుట్‌లైనర్ అంటారు. పిండినప్పుడు ఎంత ఎత్తున పడుతుందో, ఆరిన తరువాత ఇంచుమించు అంతే ఎత్తున నిలుస్తుంది, నీరు ఆవిరయినంత మేరకు కొంచెం దిగుతుంది. రెండవది నిజంగా పొంగే రంగు. దానిలో కంటికి కనబడనంత చిన్న ప్లాస్టిక్ గుళికలుంటాయి. వేడి తగిలినప్పుడు గుళిక లోపలి ద్రవం ఆవిరయి, మెత్తబడిన పొర సాగి, గుళిక బుడగవలె ఉబ్బుతుంది. చల్లారినా మళ్ళీ అణగదు. బనియన్ల మీద స్పాంజివలె మెత్తగా కనబడే అక్షరాలు ఇవే. దీనిని ముందుగా పూర్తిగా ఆరబెట్టి, బట్టను తిరగవేసి, వెనుక వైపు నుండి ఇస్త్రీపెట్టె వేడి చూపాలి. తడిగా ఉండగా వేడి చేస్తే పుండువలె పగులుతుంది. ఎట్లా తెలుసునంటే, మా మొదటి "క్రి" అట్లాగే పోయింది.

గొట్టాలు ఖరీదు. సండే స్కూలు పిల్లలు కార్డులు చేస్తామంటే వారి చేతికి ఇవ్వలేము గనుక ఇంటిలోనే తయారు చేయ ప్రయత్నించాము. మైదాపిండి, మెత్తని ఉప్పు, నీళ్ళు సమానంగా కలిపి, పోస్టరు రంగు వేసి, గోరింటాకు కోనువలె చుట్టిన ప్లాస్టిక్ కాగితంలో పోశాము. అట్టమీద పిండితే ముత్యాలవలె పడింది. ఒక రోజు ఎండకు గట్టిపడి, ఉప్పు వలన మెరిసింది కూడా. పిల్లలు ఎగిరి గంతులు వేశారు. అయితే ఉప్పు గాలిలోని చెమ్మను లాగుతుంది. ముసురు పట్టిన రెండవ రోజున కార్డులన్నీ జిగురు జిగురు. మూడవ రోజున చీమలు. నక్షత్రం ఆకారంలోనే వరుసగా నిలబడి తింటున్నాయి!

తరువాత ఫెవికాల్, గడ్డం గీసుకొనే నురుగు సమానంగా కలిపి చూశాము. మా మరిది నురుగు డబ్బా కోసం ఇల్లంతా వెదుకుతూ ఉంటే మేము మాట్లాడలేదు. ఇది బాగున్నది. మెల్లగా కలపాలి, గట్టిగా చిలికితే నురుగు చచ్చిపోతుంది. ఆరిన తరువాత మెత్తగా, దూదివలె ఉంటుంది, గొర్రెపిల్లల బొమ్మలకు ఇదే మేలు. చీమలు రావు. ఇది కూడా కాగితానికే గాని ఉతికే బట్టకు పనికిరాదు. నోటిలో పెట్టుకొనే చిన్న పిల్లలకు ఇవ్వరాదు.

బ్యానరు పని డిసెంబరు మొదటి వారంలో మొదలుపెట్టాము. రాత్రి భోజనాలు ముగించి ఇద్దరమూ గుడికి పోయి, బెంచీలు జరిపి, ఎర్ర గుడ్డ పరచుకొని కూర్చునేవారము. ఒక రాత్రి మామయ్య పొలానికి నీళ్ళు పెట్టపోయాడు. మగవారు ఇంటిలో లేరు. అత్తమ్మ ఒక్కతే ఉన్నది. ఆమె షుగరు మాత్రలు, బి.పి. మాత్రలు ఒకే డబ్బాలో ఉండేవి. రెండూ ఒకే సైజు చీటీలు. రోజూ మేమే విప్పి ఇచ్చేవారము. ఆ రాత్రి తొందరలో సాయంత్రపు షుగరు మాత్ర ఇచ్చి, బి.పి. మాత్ర మరచిపోయి వెళ్ళాము. మమ్ములను పిలవడమెందుకని ఆమె తానే డబ్బా తడిమి ఒక మాత్ర వేసుకున్నది. అది మళ్ళీ షుగరు మాత్రే. అన్నం కూడా ఆ పూట రెండు ముద్దలే తిన్నదట.

మేము పదిన్నరకు వచ్చేసరికి వొళ్ళంతా చెమట, చేతులు వణుకు, మాట తడబడుతున్నది. తెలివిలో ఉన్నది గనుక వెంటనే చక్కెర నీళ్ళు త్రాగించాము. ప్రక్కింటి ఆటోలో ఆస్పత్రికి తీసుకొనిపోతే తెల్లవారేదాక ఉంచుకున్నారు. కొన్ని రకాల షుగరు మాత్రల పని చాలా గంటలు ఉంటుందనీ, ఒకసారి తేరుకున్నట్లు కనబడినా మళ్ళీ దిగవచ్చుననీ, ఇంటికి పంపడానికి వీలు లేదనీ చెప్పారు. ఆ రాత్రి ఆమె మంచం ప్రక్కన నేలమీద కూర్చున్న మా ఇద్దరి వ్రేళ్ళకూ బంగారు రంగు అంటి ఉన్నది. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ప్రార్థన చేయబోతే మాట రాలేదు.

ఇంటికి వచ్చిన మర్నాడు మిగిలిన లైనరు గొట్టం తీసి, రెండు వేరు వేరు డబ్బాల మీద పెద్ద అక్షరాలు వ్రాశాము. ఒకదాని మీద "షు", ఇంకొకదాని మీద "బి". అత్తమ్మ ఏడవ తరగతి చదివినది, అక్షరాలు వచ్చు. ఆరిన తరువాత చేతిలో పెట్టాము. చాలాసేపు తడిమింది. "గీతలన్ని కలిసిపోతున్నయి బిడ్డా. ఏది ఒత్తో ఏది గుడో తెలుస్తలేదు. ఆ గాజుల రాళ్ళ లెక్క చుక్కలు పెట్టరాదుండ్రి" అన్నది.

మేము అప్పుడు తెలిసి చేయలేదు గాని, ఈ సంగతి లోకానికి రెండు వందల ఏండ్ల క్రిందటే అర్థమయింది. పారిస్‌లో వాలెంటీన్ హాయీ అనే ఆయన అంధులకు బడి పెట్టి, మామూలు అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చు వేయించాడు. కళ్ళకు అందంగా ఉన్న ఆ గీతలు వ్రేళ్ళకు కష్టమయ్యాయి. ఆ బడిలోనే చదువుకున్న లూయీ బ్రెయిల్ అనే పిల్లవాడు గీతలు వదలి చుక్కలు పట్టుకున్నాడు. అతడు 1809లో పుట్టాడు. మూడేండ్ల వయస్సులో తండ్రి తోలుపని చేసే కొట్టులో ఆరె గ్రుచ్చుకొని చూపు పోయింది. పదిహేనేండ్లకే ఆరు చుక్కల లిపి తయారు చేశాడు. మన భారతీయ భాషలన్నిటికీ కలిపి భారతీ బ్రెయిల్ 1951లో ఏర్పడింది. అత్తమ్మ ఈ వయస్సులో బ్రెయిల్ నేర్వలేదు. ఆమెకు కావలసింది పుస్తకం కాదు, డబ్బాలు.

షుగరు డబ్బాకు ఒక చుక్క, బి.పి. డబ్బాకు రెండు. అది కుదిరిన తరువాత వంటింటిలోకి వచ్చాము. ఉప్పుకు ఒక చుక్క, చక్కెరకు రెండు, కారానికి మూడు నిలువుగా, పసుపుకు అడ్డంగా ఒక గీత. స్టవ్ మీట ఆర్పివేసినప్పుడు ఎక్కడ ఉండాలో అక్కడ ఒక చుక్క. విదేశాలలో అంధులకు ఇంటిపని నేర్పేవారు కూడా ఇటువంటి లేచే రంగుతోనే పొయ్యి మీటలకు, మిషన్లకు గుర్తులు పెడతారని తరువాత విన్నాము.

స్టీలు డబ్బాకు రంగు సరిగా అంటదు. మొదట పెట్టినవి వారానికే గోరుతో వచ్చాయి. నూనె జిడ్డు సబ్బుతో కడిగి, తుడిచి, గరుకు కాగితంతో ఆ చోట కొంచెం రుద్ది పెడితే నిలిచాయి. మూత పైననే పెట్టాలి, తిండి తగిలే లోపలి వైపు వద్దు. మాత్రల చీటీ మీద పెట్టవద్దు, డబ్బా మీదనే పెట్టండి, ఏ మాత్ర ఏ డబ్బాలోనిదో ప్రతి నెలా కళ్ళున్నవారు ఒకరు సరిచూడండి. చుక్కకూ చుక్కకూ మధ్య వ్రేలి మొన ఆనేంత ఎడం ఉండాలి. గొట్టాన్ని ముక్కు క్రిందికి పెట్టి తట్టితే గాలి పైకి పోతుంది, లేకపోతే చుక్క మధ్యలో బుడగ పేలి గుంట పడుతుంది. ఆరడానికి ఒక పగలూ ఒక రాత్రీ కదపకుండా ఉంచాలి. పై పొర గంటలోనే ఆరినట్లు మోసం చేస్తుంది.

బట్ట సంగతి కూడా చెప్పివేస్తాము. కొత్త గుడ్డను ముందు ఉతికి గంజి పోగొట్టాలి. క్రింద అట్ట పెట్టాలి. రంగు ఆరిన తరువాత మూడు దినములు ఆగి, తిరగవేసి, చేతితో ఉతకాలి. ఇస్త్రీపెట్టెను రంగు మీద నేరుగా ఆనించరాదు. మా బ్యానరు ఇప్పటికి రెండు క్రిస్మసులు చూసింది, ఒక్క "క్రి" మాత్రమే వంకర.

అత్తమ్మను వంటింటిలోకి రానివ్వకుండా నాలుగేండ్లు కూర్చోబెట్టినవారము మేమే. జాలితోనే చేశాము గాని ఆమెకు అది ఎట్లా ఉండెనో అడగలేదు. చుక్కలు పెట్టిన పది రోజులకు, మేము పొలం నుండి వచ్చేసరికి చింతపండు చారు వాసన వచ్చింది. ఉప్పు సరిపోయింది. మామయ్య రెండుసార్లు పోయించుకొని, ఎవరు చేసినారని అడగలేదు. ఆయనకు తెలుసు.

పోయిన నెలలో పసుపు డబ్బా గీత ఊడిపోయింది. ఆమెనే మొదట కనిపెట్టి, గొట్టం ఇటు తెమ్మన్నది. ఎడమచేతి బొటనవ్రేలు హద్దుగా పెట్టుకొని కుడిచేతితో తానే గీసింది. ఆరేదాక ముట్టవద్దని ఎంత చెప్పినా వినక, ఎట్లా వచ్చిందోనని వెంటనే తడిమి చూసింది. ఆ గీత మధ్యలో ఇప్పుడు ఆమె వ్రేలిముద్ర ఉన్నది. మళ్ళీ వేస్తామంటే, "వద్దు, ఇట్లయితే నాదని ఇంక మంచిగ తెలుస్తది" అన్నది.