ఢిల్లీలో ఒక సరాయి, మా హోటల్ కార్డు

ఊరు దాటిన మనిషికి మొదట కావలసినది రాత్రి తల దాచుకొనే చోటు. ఆ చోటును మన పెద్దలు సత్రం అన్నారు; ఉత్తరాది వారు సరాయి అన్నారు; నేడు మనం హోటల్ అంటున్నాము. పేర్లు మారినా ప్రయాణికుని అవసరం మారలేదు. గత శీతాకాలంలో మేము దంపతులం ఢిల్లీ వెళ్లి నాలుగు రోజులు గడిపి వచ్చాము. కుతుబ్ మినార్‌ను చూసిన కథలు మన పత్రిక పాఠకులు ఎన్నో చదివి ఉంటారు. మేము చెప్పదలచినది ఆ మినార్‌కు సమీపంలోనే ఉన్న కటవారియా సరాయ్ అనే ఊరి సంగతి. దానితో పాటు, ఆ ఊరిలో మేము తీసుకున్న ఒక చిన్న గృహ నిర్ణయం సంగతి.

మా అమ్మాయి ఇంజనీరింగ్ పూర్తి చేసి, గేట్ పరీక్షకు శిక్షణ పొందడానికై ఏడాదిగా అక్కడ ఉంటున్నది. మన సంస్థల వంటి అనేక ప్రభుత్వ రంగ సంస్థలు ఆ పరీక్షలో వచ్చిన మార్కులను బట్టి యువ ఇంజనీర్లను తీసుకుంటున్నందున, మాకు ఆ పరీక్ష మీద ఎంత గౌరవమో అంత బెంగ. పరీక్ష ఫిబ్రవరిలో. అంతకు ముందే ఒకసారి పిల్లను చూసి రావాలని సంకల్పించాము.

సరిగ్గా ఆ వారంలోనే మా హోటల్ కార్డుకు వార్షిక రుసుము చెల్లించవలసిందిగా తాఖీదు వచ్చింది. ఇది బ్యాంకు, హోటళ్ల సమూహం కలిసి జారీ చేసే క్రెడిట్ కార్డు. ఈ తరహా కార్డులు మన దేశంలో ఇటీవలివి. 2023 ఆగస్టులో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు, మారియట్ సంస్థ కలిసి ఇటువంటి కార్డును ప్రవేశపెట్టినప్పుడు వార్షిక రుసుము 3,000 రూపాయలు. దానిపై 18 శాతం పన్ను. అందుకు ప్రతిఫలంగా ఏడాదికొక ఉచిత రాత్రి బస, ఖర్చు చేసిన ప్రతి 150 రూపాయలకు కొన్ని పాయింట్లు. మా వద్ద ఉన్నది కూడా దాదాపు ఇదే కొలతలది. దాని ఉచిత రాత్రికి గడువు ఆ నెలాఖరుతో తీరిపోతున్నది. మాలో ఒకరికి మరి పద్నాలుగు నెలలలో ఉద్యోగ విరమణ. కార్డు ఉంచుకొనుటా, మానుటా అన్న ప్రశ్నను సంచిలో పెట్టుకొనే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కాము.

పొగమంచు వల్ల బండి చాలా ఆలస్యంగా న్యూఢిల్లీ చేరింది. ఉచిత రాత్రిని పోగొట్టుకోరాదన్న పట్టుదలతో విమానాశ్రయం వద్ద ఏరోసిటీలో ఒక పెద్ద హోటల్‌లో గది తీసుకొని ఉన్నాము. గది నిజంగా బాగున్నది; మర్యాదలు చక్కగా ఉన్నాయి; అందులో మాకు ఏ ఫిర్యాదూ లేదు. కాని అక్కడి నుండి అమ్మాయి ఉండే చోటికి దాదాపు పది కిలోమీటర్లు. సాయంకాలపు రద్దీలో టాక్సీలో వెళ్లేసరికి ఆమె తరగతికి వెళ్లిపోయింది. తరగతి ముగిసిన తరువాత వీధి మలుపులోని టీ కొట్టు దగ్గర గంటసేపు మాట్లాడుకొని, చలికి భయపడి తిరిగి హోటల్‌కు పోయాము. మరునాడు ఉదయం తొమ్మిదికి ఆమెకు నమూనా పరీక్ష. దానికి ముందు ఒక్కసారి కనబడదామని బయలుదేరినా, ట్రాఫిక్‌లో చిక్కుకొని పదిన్నరకు చేరాము. వేయి మైళ్ల దూరం పిల్ల కోసం వచ్చి, మొదటి రోజున ఆమెతో గడిపినది ఒకే ఒక్క గంట.

ఆ పూటనే పెట్టె బేడా సర్దుకొని కటవారియా సరాయ్‌లోని ఒక చిన్న అతిథి గృహానికి మారాము. రోజుకు 1,400 రూపాయలు. మంచం, వేడినీళ్లు, తలుపుకు గొళ్లెం. అంతకు మించి చెప్పుకోదగినది లేదు. కాని అమ్మాయి గదికి నూరడుగుల దూరం.

ఇక ఊరి సంగతి. సరాయి అనునది పారసీక పదం. బాటసారుల విడిది అని అర్థం. దక్షిణ ఢిల్లీ పటం చూస్తే ఈ మాట అడుగడుగునా కనబడుతుంది. జియా సరాయ్, బేర్ సరాయ్, కాలూ సరాయ్, లాడో సరాయ్, యూసుఫ్ సరాయ్ - ఇవన్నీ నేటికీ జనం నివసించే పేటలే. 1540 నుండి 1545 వరకు ఢిల్లీని ఏలిన షేర్ షా సూరి రాజమార్గాల వెంట రెండేసి క్రోసులకు ఒక సరాయి చొప్పున కట్టించినాడని, వాటిలో హిందువులకు, ముస్లిములకు వేర్వేరుగా గదులు, నీరు, వంట ఏర్పాట్లు ఉండేవని చరిత్రకారులు వ్రాశారు. మన వైపు కూడా ఈ సంప్రదాయం ఉన్నది. హైదరాబాదులో కుతుబ్‌షాహీల నాటి షేక్‌పేట సరాయి నేటికీ నిలిచి ఉన్నది. కోనసీమలో లంకల గన్నవరానికి చెందిన డొక్కా సీతమ్మ గారు (1841-1909) వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా అన్నం పెట్టిన వైనం తెలుగువారు ఎరుగనిది కాదు. ఆ విడుదులలో ఎవరూ పాయింట్లు లెక్కపెట్టలేదు.

నేటి కటవారియా సరాయ్‌లో ఒంటెలు లేవు, వర్తకులు లేరు; విద్యార్థులు ఉన్నారు. ఒకవైపు ఐఐటీ, మరొకవైపు జేఎన్‌యూ, నడుమ కుతుబ్ ఇన్‌స్టిట్యూషనల్ ఏరియా. చుట్టుపట్ల పొలాలు క్రమంగా సంస్థలకు, కాలనీలకు పోగా మధ్యలో ఊరు మాత్రం మిగిలింది. రెవిన్యూ పటంలో ఊరి నివేశన స్థలం చుట్టూ గీసిన ఎర్రగీతను అక్కడివారు లాల్ డోరా అంటారు. నగరంలో అమలైన గృహ నిర్మాణ నిబంధనలు ఆ గీత లోపల చాలాకాలం అమలు కాలేదు. అందువల్ల యాభై, నూరు గజాల స్థలాలలోనే నాలుగైదు అంతస్తులు లేచాయి. ఎదురెదురు ఇళ్లవారు బాల్కనీలలో నిలబడి చేయి కలుపుకోవచ్చు. తలపైన విద్యుత్ తీగల చిక్కుముడులు, కింద జిరాక్సు దుకాణాలు, పాత పుస్తకాల కొట్లు, మెస్సులు, గోడ నిండా అద్దె గదుల ప్రకటనలు. ఆ సందులలో నడుస్తుండగా బిహారు యాస, మలయాళం, మన తెలుగు ఒకే టీ కొట్టు దగ్గర వినిపించాయి. పూర్వపు సరాయిలో ఒక రాత్రి ఉండేవారు. ఇప్పుడు ఒక పరీక్ష వరకు ఉంటున్నారు. అంతే భేదం.

అమ్మాయి గది మూడవ అంతస్తులో. మరొక అమ్మాయితో కలిసి ఉండటానికి ఆమె వంతు అద్దె నెలకు 9,000 రూపాయలు. మేము వెళ్లినది మిట్టమధ్యాహ్నం. గదిలో దీపం వెలుగుతున్నది. అమ్మాయి వాళ్ల అమ్మ అలవాటుగా దీపం ఆర్పబోయింది. "ఆర్పవద్దమ్మా, గది చీకటి అవుతుంది" అన్నది పిల్ల. అప్పుడు గమనించాము. ఆ గదికి కిటికీ లేదు.

"మొదట చూపించిన గదికి కిటికీ ఉన్నదన్నావు కదమ్మా?" అని అడిగాము.

"దానికి ఇంకా రెండున్నర వేలు ఎక్కువ నాన్నగారూ. చదువుకునేవాళ్లకు కిటికీతో ఏమి పని? పైగా ఈ గది వెచ్చగా ఉంటుంది" అని నవ్వింది.

మేము నవ్వలేకపోయాము. అంతకు నాలుగు నెలల ముందు, కార్డు మీద నిర్ణీత మొత్తం ఖర్చయితే మరొక ఉచిత రాత్రి వస్తుందని, ఇంట్లో పనిచేస్తున్న టీవీ ఉండగానే 42,000 రూపాయలు పెట్టి కొత్తది కొన్నాము. అయినా ఆ మొత్తాన్ని అందుకోలేదు. రెండవ రాత్రి రానూ లేదు. దోషం కార్డుది కాదు, అది తన షరతులను దాచలేదు. దోషం మాది. ఆ 42,000తో మా పిల్లకు పదహారు నెలలకు పైగా కిటికీ వచ్చి ఉండేది.

ఆ సాయంకాలం అమ్మాయి చదువుకుంటుండగా, ఆమె నోటు పుస్తకంలో చివరి కాగితం మీద మేము లెక్క వేశాము. వార్షిక రుసుము పన్నుతో కలిపి 3,540. ఏరోసిటీలో గది ఉచితమే అయినా రాత్రి భోజనం, ఉదయపు ఫలహారం కలిపి 3,200, టాక్సీలకు 1,100. మొత్తం 7,840 రూపాయలు. హోటల్ వారి ధర ప్రకారం ఆ గది 9,000 రూపాయలది. కాబట్టి లాభమే కదా అని ఒకరం అన్నాము. రెండవవారు అడిగిన ప్రశ్న ఇది: "ఏమండీ, ఈ కార్డు లేకపోతే మనం తొమ్మిది వేలు పెట్టి ఆ గదిలో దిగేవాళ్లమా?" దిగేవాళ్లం కాము, 1,400 రూపాయల గదిలోనే దిగేవాళ్లం. ఉచిత రాత్రి విలువ హోటల్ చెప్పిన ధర కాదు. అది లేకపోతే మనం ఎంత చెల్లించి ఉండేవాళ్లమో అంత.

పాయింట్ల లెక్క కూడా చూశాము. ఏడాదిలో మూడు లక్షల సాధారణ ఖర్చుకు, 150 రూపాయలకు రెండు చొప్పున, 4,000 పాయింట్లు. ఆ 9,000 రూపాయల గదికి 15,000 పాయింట్లు అడుగుతారు గనుక పాయింటు విలువ అరవై పైసలు. మొత్తం 2,400 రూపాయలు. రుసుము లేకుండా ఒక శాతం తిరిగి ఇచ్చే మామూలు కార్డు అయితే 3,000 వచ్చేవి. బిల్లు గడువులోగా పూర్తిగా చెల్లించని వారికైతే ఈ లెక్కలే వ్యర్థం. అనేక కార్డులపై వడ్డీ నెలకు మూడున్నర శాతం పైమాటే.

మన వంటి ఉద్యోగులకు మరొక విషయం. కార్యాలయపు పని మీద మేము ఇదే ప్రాంతానికి పలుమార్లు వచ్చాము. వచ్చిన ప్రతిసారీ సంస్థ అతిథి గృహంలోనే బస. అక్కడ పాయింట్లు రావు. సెలవులలో హాలిడే హోములు ఉండనే ఉన్నాయి. అధికారిక విమాన ప్రయాణాలలో వచ్చిన మైలేజీ పాయింట్లను సొంత ప్రయాణాలకు వాడరాదని కేంద్ర ప్రభుత్వోద్యోగుల నిబంధనలు చెబుతున్నాయి. సంస్థ సొమ్ముతో వచ్చే ఏ పాయింట్ల విషయంలోనైనా మన నిబంధనలను ముందుగా తెలుసుకొనుట మేలు. ఏడాదికి నాలుగైదుసార్లు సొంత సొమ్ముతో ఆ హోటళ్లలోనే దిగేవారికి ఇటువంటి కార్డు తప్పక లాభమే. మాకు మాత్రం ఆ అలవాటు లేదు. ఉద్యోగ విరమణ తరువాత కొత్తగా రాదు.

మూడవ రోజు అమ్మాయికి సెలవు దొరికింది. ముగ్గురం కలిసి కుతుబ్ మినార్‌కు వెళ్లాము. అక్కడి ఇనుప స్తంభం ఏడు మీటర్ల పైచిలుకు ఎత్తు, ఆరు టన్నులకు పైగా బరువు. గుప్తుల కాలం నాటిది. ఇనుములోని అధిక భాస్వరం వల్ల పైన ఏర్పడిన పలుచని పొర దానిని తుప్పు నుండి కాపాడుతున్నదని లోహ శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ సంగతి మాకు అమ్మాయే వివరించింది. మధ్యాహ్నం సంజయ్ వన్ అనే అడవిలో, లాల్‌కోట పాత గోడల పక్కన ఎండలో కూర్చున్నాము. చాలా రోజుల తరువాత ఇంతసేపు ఎండలో కూర్చున్నానని ఆమె అన్నప్పుడు మా ఇద్దరి చూపులు కలిశాయి.

తిరిగి వస్తూ షహీద్ జీత్ సింగ్ మార్గ్‌లో ఉత్తర ప్రాంత విద్యుత్ నియంత్రణ కేంద్రం ముందుగా నడిచాము. పవర్‌గ్రిడ్ రిజిస్టర్డ్ కార్యాలయం కూడా ఈ కటవారియా సరాయ్ చిరునామాతోనే ఉన్నది. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర భారతం చీకటైనప్పుడు దేశమంతా ఇటువైపే చూసింది. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కేవీ లైను ద్వారా మన దక్షిణాది గ్రిడ్ మిగిలిన దేశంతో కలిసింది. దేశానికి వెలుగు పంచే వ్యవస్థ పక్కనే, పట్టపగలు దీపం వెలిగించుకొని చదివే పిల్లలు ఉన్నారు.

నాలుగవ రోజు బండి ఎక్కేలోగా రెండు పనులు చేశాము. మొదటిది, అదే మేడలో ఖాళీ అయిన ఒక గదిని 11,500 రూపాయలకు మాట్లాడి అమ్మాయిని అందులోకి మార్చాము. కిటికీ చిన్నదే, ఎదుటి ఇంటి గోడ, దానిపైన జానెడు ఆకాశం కనబడతాయి. రెండవది, కార్డు రద్దు చేయమని బ్యాంకుకు వ్రాశాము. అంతకు ముందు బాకీ పూర్తిగా కట్టి, పాయింట్లన్నీ హోటల్ సభ్యత్వ ఖాతాలో చేరినవని సరిచూసుకున్నాము. బాకీ లేనప్పుడు రద్దు కోరిన ఏడు పనిదినాలలో బ్యాంకు కార్డును మూసివేయాలని, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు ఖాతాదారునికి చెల్లించాలని 2022లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. మా కార్డు అయిదవ రోజునే మూతపడింది.

ఆదా అయిన 3,540 రూపాయలు కొత్త గది అదనపు అద్దెకు నెలన్నర కూడా రావు. ఆ సంగతి మాకు తెలుసు. మిగిలినది అనవసరపు కొనుగోళ్లు మానటం ద్వారా రావాలి, వస్తున్నది.

ఎల్‌టీసీ మీద గాని, పిల్లల చదువుల నిమిత్తం గాని అటు వెళ్లే సహోద్యోగులకు ఒక మాట. మెట్రో మెజెంటా లైనులో ఐఐటీ స్టేషన్ వద్ద దిగితే కటవారియా సరాయ్‌కు ఆటోలో కొద్ది నిమిషాలు. చలికాలంలో వెళితే రైలు ఆలస్యానికి సిద్ధపడి వెళ్లండి. బస మాత్రం ఎవరిని చూడబోతున్నారో వారికి దగ్గరగా చూసుకోండి. పిల్లల గదిని తప్పక పగటిపూట చూడండి. దీపం ఆర్పించి చూడండి.