‘నమ్ముతున్నాం’ అన్నవాళ్ళ లెక్క

పోలీసుల మీద వచ్చే ఫిర్యాదులు వినే సంస్థ గురించి జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి ఒక సర్వే చేశాను. ప్రశ్నలు రాసింది నేనే, ఊళ్ళు తిరిగింది నేనే, నివేదిక రాసి ఇచ్చిందీ నేనే. ఆ సంస్థ మీద జనానికి నమ్మకం ఉందని అందులో తేల్చాను. అది నిజం కాదు. ఎక్కడ తప్పానో చెప్పాల్సిన బాధ్యత నాకుంది. ఇలాంటి సర్వేలు ముందు ముందు జరగాలి, సరిగ్గా జరగాలి.

ఈ సంస్థ ఊరికే పుట్టలేదు. ఉత్తరప్రదేశ్‌లో, అసోంలో డీజీపీగా, బీఎస్‌ఎఫ్ అధిపతిగా పనిచేసిన ప్రకాశ్ సింగ్ రిటైరయ్యాక 1996లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. పోలీసు వ్యవస్థను రాజకీయ ఒత్తిళ్ళ నుంచి తప్పించి, ప్రజలకు జవాబుదారీ చేయాలన్నది ఆయన కోరిక. పదేళ్ళకు, 2006 సెప్టెంబరు 22న తీర్పు వచ్చింది. అందులో ఇచ్చిన 7 ఆదేశాల్లో ఒకటి పోలీసు ఫిర్యాదుల అథారిటీ. ఎస్పీ, ఆ పై అధికారుల మీద ఫిర్యాదులు రాష్ట్రస్థాయిలో రిటైర్డ్ హైకోర్టు లేదా సుప్రీంకోర్టు న్యాయమూర్తి వినాలి. డీఎస్పీ వరకు ఉన్నవాళ్ళ మీద వచ్చేవి జిల్లాలో రిటైర్డ్ జిల్లా జడ్జి వినాలి. కస్టడీలో చావు, తీవ్ర గాయం, అత్యాచారం రెండింటి పరిధిలోకీ వస్తాయి. బలవంతపు వసూళ్ళు, ఇల్లూ పొలమూ ఆక్రమించుకోవడం లాంటివీ జిల్లా అథారిటీ చూడొచ్చు. చర్య తీసుకోవాలని అథారిటీ చెబితే ప్రభుత్వం కట్టుబడాలి. చాలా రాష్ట్రాల్లో ఇది ఏళ్ళ తరబడి కాగితం దాటలేదు.

నా మొదటి తప్పు ఈ సంగతుల దగ్గరే జరిగింది. ప్రశ్న అడిగే ముందు ఇదంతా భక్తిగా వివరించేవాణ్ణి. సుప్రీంకోర్టు చెప్పింది, జడ్జిగారే పెద్ద, పోలీసుల చేతిలో ఉండదు అని చెప్పి, ఆ వెంటనే “ఈ సంస్థ నిష్పక్షపాతంగా పనిచేస్తుందని నమ్ముతున్నారా?” అని అడిగేవాణ్ణి. “జడ్జిగారంటున్నారుగా, నమ్మకేం చేస్తాం” అనేవాళ్ళు. నేను అవును దగ్గర టిక్కు పెట్టేవాణ్ణి. ఆ పేరు అంతకుముందు విన్నారా అని ఎవర్నీ అడగలేదు. భోజనానికి కూర్చోని మనిషిని కూరలో ఉప్పు సరిపోయిందా అని అడగడం లాంటిదే నేను చేసిన పని.

రెండో తప్పు ఇంకా పెద్దది. ఒక ఊరు నాకు కొత్త కాబట్టి అక్కడి పెద్దమనిషి సాయం తీసుకున్నాను. ఆయన కుర్చీలు వేయించారు, మంచినీళ్ళు తెప్పించారు, పేరు పేరునా మనుషుల్ని పిలిపించారు. ఊళ్ళో ఎవరికి స్టేషన్‌తో పని పడినా మధ్యవర్తిగా వెళ్ళేది ఆయనేనని నాకు తెలుసు. తెలిసీ, పని తొందరగా అవుతుందని ఆయన అరుగు మీదే కూర్చున్నాను. జవాబు చెప్పేవాళ్ళు నా వైపు కాకుండా ఆయన వైపు చూసి చెప్పడం గమనించాను. గమనించి కూడా రాసుకుంటూ పోయాను.

అక్కడ ఒకావిడ “అంతా బాగానే ఉంది బాబూ” అని వేలిముద్ర వేసి వెళ్ళింది. నేను బయల్దేరే వేళకు పంపు దగ్గర ఆపింది. బిందె నిండి నీళ్ళు పొర్లుతున్నా చూసుకోలేదు. “ఆ కాగితంలో నా పేరు రాశారా? కొట్టెయ్యండి” అంది. ఎందుకమ్మా అన్నాను. ఆ వేసవిలో దొంగతనం అనుమానంతో కొడుకుని తీసుకెళ్ళి రెండు రాత్రులు ఉంచారట. వదిలాక కుడిచెయ్యి పైకి లేవడం లేదట. “ఎవరికైనా చెప్పారా?” అన్నాను. “ఎవరికి చెప్పను? చెబితే మళ్ళీ వాళ్ళేగా వచ్చేది” అంది.

ఆమె ఎదురుగానే పేరు కొట్టేశాను. టిక్కు మాత్రం ఉంచాను. నా లెక్కలో ఆమె ‘నమ్ముతున్నాం’ అన్నవాళ్ళలోనే మిగిలింది. “నేను సర్వేకి వచ్చానమ్మా, ఫిర్యాదులు తీసుకోను” అని బస్సెక్కాను. జిల్లాలో ఎవరికి అర్జీ పెట్టుకోవచ్చో చెప్పలేదు. ఘటన జరిగి ఏడాది దాటితే మానవ హక్కుల కమిషన్ విచారణకు తీసుకోదు. అప్పటికింకా గడువుంది. ఆ మాటైనా ఆమె చెవిన వేయలేదు. నా తప్పులన్నిటిలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇదే.

ఆ నివేదిక చేతిలో పట్టుకుని ఒక సమావేశంలో ఒక అధికారి, జనానికి నమ్మకం ఉంది కాబట్టి ఆ సంస్థ గురించి ప్రత్యేకంగా ప్రచారం అక్కర్లేదన్నారు. నేను రాసిన అంకే నేను కోరుకున్న పనికి అడ్డం పడింది.

తర్వాత, వేరేచోట్ల ఈ పని ఎలా చేస్తారో చదివాను. ఉత్తర ఐర్లాండ్‌లో కేథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ పోలీసుల మీద ఒకేరకం నమ్మకం లేని పరిస్థితుల్లో, 2000 నవంబరులో పోలీస్ అంబుడ్స్‌మన్ కార్యాలయం మొదలైంది. అక్కడి సర్వేలో ముందు అడిగేది ఆ పేరు విన్నారా అని. విన్నామన్నవాళ్ళనే, అది పోలీసుల్లో భాగమా, వేరా అని అడుగుతారు. కేథలిక్కుల జవాబులు, ప్రొటెస్టెంట్ల జవాబులు విడివిడిగా చూపిస్తారు. పోలీసుల తీరు బాధించినా ఫిర్యాదు చేయనివాళ్ళను, ఎందుకు చేయలేదని అడుగుతారు. నేను అడగాల్సిన ప్రశ్న అదే. ఫిర్యాదు చేసినవాళ్ళ లెక్క కార్యాలయంలో దొరుకుతుంది. చేయనివాళ్ళ లెక్క కోసమే కదా గడప గడపకూ వెళ్ళేది.

ఇప్పుడు ఎవరైనా ఈ పని మీద వెళ్తుంటే నేను చెప్పే మాటలివి. సంస్థ గొప్పతనం ముందే చెప్పకండి. “పోలీసుల వల్ల అన్యాయం జరిగితే ఎవరి దగ్గరికి వెళ్తారు?” అని అడిగి ఊరుకోండి. ఎమ్మెల్యే పేరు చెప్తారో, కులపెద్ద పేరు చెప్తారో, ఎవరూ లేరంటారో, వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. తెలియదన్న జవాబును ఖాళీగా వదలొద్దు, దానికో గడి పెట్టండి. మనిషిని ఒంటరిగా కలవండి, పేరూ వేలిముద్రా అడగొద్దు. ఆడవాళ్ళ దగ్గరికి ఆడవాళ్ళే వెళ్ళాలి. దళితవాడ, తండా, వలసకూలీల గుడిసెలు, ఊరి మధ్య వీధి — ఎక్కడి జవాబులు అక్కడ విడిగా లెక్కించండి. అన్నీ కలిపి ఒక్క అంకె చేస్తే, ఎక్కువగా దెబ్బలు తిన్నవాళ్ళ గొంతే ముందు మాయమవుతుంది.

చివరగా, ప్రశ్నలన్నీ అయ్యాక ఒక కాగితం వాళ్ళ చేతిలో పెట్టండి. ఎక్కడ అర్జీ పెట్టాలి, ఎంత గడువుంది, ఉచిత న్యాయ సహాయం ఏ కోర్టు ఆవరణలో దొరుకుతుంది అన్నవి తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. చదవలేనివాళ్ళకు చదివి వినిపించండి. జనం దగ్గర అభిప్రాయం తీసుకున్నవాడు వాళ్ళకు దారి చెప్పకుండా వెనక్కి రాకూడదు.