కాలువ వెంట కాకినాడకు

కాకినాడ చూడదలచినవారు ధవళేశ్వరంలో బయలుదేరాలి. ఊరు సముద్రం ఒడ్డున ఉన్నా, దాన్ని పెంచింది గోదావరి. 1830లలో కరువులు ఈ జిల్లాను పిండేశాక, 1847లో కాటన్ దొర ఇక్కడ ఆనకట్ట పని మొదలుపెట్టాడు. 1852లో అది పూర్తయింది. ఇప్పుడు మనం చూసే బ్యారేజీ 1982 నాటిది. పాత కట్టడం కథంతా పక్కనున్న కాటన్ మ్యూజియంలో తెలుస్తుంది. తూర్పు డెల్టా కాలువలు ఎడమ గట్టున పుడతాయి. సామర్లకోట కాలువను పక్కన పెట్టుకుని కెనాల్ రోడ్డు ఎక్కితే ఇక దారి అడగనక్కర్లేదు.

ముందు కడియం నర్సరీలు. కడియపులంక, బుర్రిలంకల్లో ఇళ్ల మధ్య ఖాళీ కనబడదు, అంతా మొక్కలే. ఇక్కడ కట్టిన అంటు లారీ ఎక్కి ఏ రాష్ట్రానికో పోతుంది. ద్వారపూడి, అనపర్తి దాటితే బిక్కవోలు. తూర్పు చాళుక్యుల గుళ్లు కొన్ని ఊళ్లో, కొన్ని వరిచేల నడుమ నిలబడి ఉన్నాయి. సామర్లకోటలో వాళ్లదే కుమారారామం, పంచారామాల్లో ఒకటి. భీమేశ్వరుడి లింగం కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా పెరిగి ఉంటుంది, అభిషేకం పైన చేస్తారు. కాలువ తవ్వడానికి తొమ్మిది వందల ఏళ్ల ముందే ఇంత గుడి కట్టగల నేల ఇది. హౌరా–చెన్నై రైల్లో వచ్చేవారు కాకినాడకు మళ్లేదీ ఇక్కడే.

కాలువ నీళ్ల మీద ధాన్యం, పత్తి, నూనెగింజలు పడవల్లో దిగి కాకినాడ రేవు చేరేవి. అంతకుముందు పెద్ద రేవు దక్షిణాన ఉన్న కోరంగి. 1789లో, 1839లో వచ్చిన ఉప్పెనలు ఆ ఊరిని ఊడ్చేశాయి. గోదావరి తెచ్చిన ఒండ్రు మేటలు వేసి దాని మొగను పూడ్చింది. వ్యాపారం ఉత్తరానికి జరిగింది. కాకినాడలోని జగన్నాథపురంలో డచ్చివారి స్థావరం 1825లో ఇంగ్లీషువారి చేతికొచ్చింది. 1860లలో అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తికి గిరాకీ పెరిగి కాకినాడ రేవు కళకళలాడింది. తర్వాత ఇక్కణ్ణుంచే వేలమంది కూలికోసం స్టీమరెక్కి రంగం (రంగూన్) వెళ్లారు. అక్కడ తెలుగువాళ్లకు కోరంగీలనే పేరు నిలిచిపోయింది.

ఊళ్లో వీధులు తిన్నగా, వెడల్పుగా ఉంటాయి, కొత్తవారు తప్పిపోరు. రఘుపతి వేంకటరత్నం నాయుడు ప్రిన్సిపాలుగా పనిచేసిన పిఠాపురం రాజావారి కాలేజీ చూడండి. 1923లో ఈ ఊళ్లోనే మౌలానా మహమ్మదలీ అధ్యక్షతన కాంగ్రెస్ మహాసభ జరిగింది. ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా నిలబడ్డ బాలిక దుర్గాబాయి, టిక్కెట్టు లేదని నెహ్రూనే ఆపింది. ఎస్వీ రంగారావు, రేలంగి సినిమాలకు వెళ్లకముందు ఇక్కడి యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాల్లో వేషం కట్టారు. మధ్యాహ్నం సుబ్బయ్య హోటల్లో అరిటాకు భోజనం చెయ్యండి. వెళ్లేటప్పుడు గొట్టం కాజా పొట్లం కట్టించుకోండి. కొరికితే లోపలి పాకం నోరంతా నిండుతుంది.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఆగకండి, యానాం రోడ్డు పట్టండి. పుష్య అమావాస్యనాడు సప్తసాగర యాత్ర మొదలయ్యే చొల్లంగి దాటగానే కోరంగి మడ అడవి. 1978లో దీన్ని అభయారణ్యం చేశారు. చెక్కవంతెన మీద నడుస్తుంటే రెండు పక్కలా బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాసవేళ్లు, వాటి మధ్య పీతలు. సముద్రం పోటు మీద ఉన్న వేళ చూసుకుని పడవెక్కాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం.

ఎదురుగా సముద్రంలో సుమారు 16 కిలోమీటర్ల ఇసుకమేట, హోప్ ఐలాండ్. రెండు వందల ఏళ్లుగా గోదావరి మోసుకొచ్చిన మట్టినే అలలు అక్కడ పేర్చాయి. దాని చాటున అఖాతం నెమ్మదిగా ఉంటుంది కాబట్టే ఓడలు ధైర్యంగా లంగరు వేస్తాయి. కోరంగి రేవును పూడ్చిన ఒండ్రే కాకినాడ రేవుకు అడ్డుగోడ కట్టింది.

ఆ చాటు దాటి ఉత్తరాన ఉప్పాడ వెళ్లండి. జాందానీ నేసే మగ్గాలు చూడండి, కోతకు గురైన తీరమూ చూడండి. అక్కడ సముద్రం ఇళ్లను, రోడ్డును కొరుక్కుతింటోంది. ఎగువ డ్యాముల్లో మట్టి ఆగిపోయి, డెల్టాకు చేరే ఒండ్రు ఏటేటా తగ్గింది. చేరిన ఆ కాస్త ఒండ్రును పట్టి ఉంచేవి మడ వేళ్లే. అందుకే మడచెట్టు నరకడాన్ని అడవిశాఖ వ్యవహారంగా వదిలెయ్యలేం. రేవుకు లోతు తీయడం ఎంత అవసరమో, ఊరికి ఆ బురదా, ఆ వేళ్లూ అంత అవసరం. ఓడల మీద ఆదాయం తెచ్చుకునే పట్నం, ఆ ఆదాయంలో కొంత మడ అడవికి ఖర్చుపెట్టి తీరాలి.