పుట్టినవాళ్ళెందరు, ఉన్నవాళ్ళెందరు

2011 జనగణన పత్రంలో పెళ్ళయిన స్త్రీలను మాత్రమే అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఇప్పుడు బతికున్న పిల్లలెందరు? మొత్తం పుట్టినవాళ్ళెందరు? గడిచిన ఏడాదిలో ఎవరైనా పుట్టారా? మొదటి రెండు ప్రశ్నల్లోకి భర్త పోయినవాళ్ళూ, విడిపోయినవాళ్ళూ వస్తారు. పెళ్ళికాని స్త్రీని అడగరు. ఆమెకు బిడ్డ ఉంటే ఆ బిడ్డ తలల లెక్కలోకి వస్తుంది గానీ ఆమె కాన్పు మాత్రం ఏ లెక్కలోకీ రాదు.

సాహిత్యం చదువుకున్నదానివి, నీకీ పత్రాలతో పనేమిటని మిత్రులు అడుగుతుంటారు. స్త్రీల ఆత్మకథల మీద పనిచేస్తున్నప్పుడు, పుట్టి పోయిన పిల్లల ప్రస్తావన ఎక్కడ వస్తుందో, ఎక్కడ ఒక్క వాక్యంతో దాటిపోతుందో గుర్తు పెట్టుకోవడం అలవాటయింది. అదే అలవాటుతో జనగణన పత్రాన్నీ చదివాను.

మొదటి రెండు ప్రశ్నల జవాబుల మధ్య తేడాయే పోయిన పిల్లల సంఖ్య. జనన మరణాల నమోదు సరిగా లేని చోట్ల ఈ తేడా నుంచే పసిపిల్లల మరణాలను అంచనా కట్టే పద్ధతిని 1960లలో విలియం బ్రాస్ అనే జనాభా శాస్త్రవేత్త రూపొందించాడు. 20-24 ఏళ్ళ తల్లుల జవాబుల నుంచి రెండేళ్ళలోపు మరణాలు, 30-34 ఏళ్ళవాళ్ళ జవాబుల నుంచి ఐదేళ్ళలోపు మరణాలు తేలతాయి. శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ రాష్ట్రానికి అంకె ఇస్తుంది గానీ, నమూనా చిన్నది కాబట్టి మండలానికి ఇవ్వలేదు. కింది స్థాయికి దిగేకొద్దీ తల్లుల జవాబే ఆధారం. పోయిన బిడ్డను చెప్పకపోతే, ఆ ప్రాంతంలో పిల్లలు తక్కువగా చనిపోతున్నట్టు లెక్క తేలుతుంది. ఆస్పత్రి లేని ఊరు ఆరోగ్యంగా ఉన్న ఊరవుతుంది.

అయితే జవాబు చెప్పేది తల్లేనా? 2011 ఫిబ్రవరిలో మా ఇంటికి లెక్కలు రాసుకోవడానికి ఒక టీచరమ్మ వచ్చింది. నాన్న అరుగు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టి అన్నీ తనే చెప్పాడు. అమ్మ వయసు, అమ్మ చదువు, అమ్మ పని - "ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. అప్పటికి అమ్మ ఉదయం పాలు పితికి, కేంద్రంలో పోసి వచ్చింది. పిల్లల సంగతి అడిగితే, "ఇద్దరు పుట్టారు, ఇద్దరూ ఉన్నారు" అన్నాడు. లోపల్నించి అమ్మ గొంతు వినిపించింది: "ముగ్గురమ్మా. ముగ్గురు పుట్టారు." నాకంటే ముందు పుట్టి పదకొండో రోజున పోయిన పిల్ల ఉందని నాకు తెలుసు. కానీ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తగా నేను వినలేదు. టీచరమ్మ అంకె దిద్దుకుంది. నాన్న ఏమీ అనలేదు. ఆయన అబద్ధమాడాడని నేననుకోను, ఆయన లెక్కలో ఇద్దరే. అమ్మ ఆ పూట పొలంలో ఉండుంటే రెండే పడేది. పని గడి మాత్రం ఎవరూ దిద్దలేదు. కుటుంబ వ్యవసాయంలో, వ్యాపారంలో కూలి లేకుండా చేసే పనిని కూడా పనిగా రాయమని 1991 నుంచీ ప్రశ్నలోనే ఉంది. ప్రశ్న మారినా అరుగు మీది జవాబు మారలేదు.

ఇక భవిష్యత్తు లెక్కలు. జాతీయ జనాభా కమిషన్ నియమించిన సాంకేతిక బృందం 2011 నుంచి 2036 వరకు రాష్ట్రాలవారీగా అంచనాలు వేసింది. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలను ఐదేళ్ళకో గుంపుగా విడదీసి, ఒక్కో గుంపును దాని జననాల రేటుతో గుణిస్తారు. అలా వచ్చిన పుట్టుకలు కలిపి, మరణాలు తీసేసి, వలసలు సరిచేస్తారు. పుట్టుకల లెక్కలో తండ్రి ఊసే లేదు. గణితానికి అతని అవసరం లేదు, నిజమే. విధానం దగ్గరికొచ్చేసరికి కూడా భారమంతా ఆ స్త్రీల గుంపుల మీదే పడడం మాత్రం గణితం చేసిన పని కాదు.

ఆంధ్రప్రదేశ్ సంగతే చూడండి. జనాభా పెరిగిపోతోందన్న భయంతో, ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళను 1994 పంచాయతీరాజ్ చట్టం పోటీకి అనర్హులను చేసింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. పునరుత్పత్తి వయసులో ఉన్న వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళ ఆపరేషన్లు ఒక్క శాతం కూడా లేవు. 2024లో భయం తిరగబడింది. వృద్ధులు పెరిగిపోతున్నారు, ఎక్కువమందిని కనండని ముఖ్యమంత్రే పిలుపునిచ్చారు. నవంబరులో ఆ అనర్హత నిబంధన ఎత్తేశారు. అది పోవడం మంచిదే. ఎందరిని కనాలో తన చేతిలో లేని స్త్రీని, కన్నందుకు పోటీ నుంచి తప్పించిన నిబంధన అది. పోయింది మాత్రం ఆమె హక్కు గుర్తొచ్చి కాదు, అంచనా పట్టికలో వరస మారినందుకు.

2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడి, 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. ఈసారి కుటుంబమే ఫోన్లో వివరాలు నింపుకునే వీలు కూడా ఉంటుందన్నారు. అదే 2019-21 సర్వే ప్రకారం, తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు దేశంలో 54 శాతం. మా ఇంట్లో ఆ ఫోను నాన్న చొక్కా జేబులో ఉంటుంది.