మూడో గడి

'ఒక్క గడి చేర్చాను, అంతే నాన్నా' అన్నాను. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మనిషి కాఫీ గ్లాసు కింద పెట్టి, 'ఎక్కడ చేర్చావు?' అనడిగారు.

2005 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌లో వ్యాట్ వచ్చింది. అప్పుడు నేను హైదరాబాద్‌లో ఓ చిన్న కంపెనీలో, దుకాణాల బిల్లులకు లైబ్రరీ రాసేవాణ్ణి. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, నాలుగైదు ప్రోగ్రాములు కలిసి వాడుకునే ఉమ్మడి సరుకు. అందులో ఒక్కో వస్తువుకీ వరసగా గడులు: సంఖ్య, ధర, డిస్కౌంటు. ధర పక్కనే పన్నుకో గడి ఉంటే ముచ్చటగా ఉంటుందనిపించింది. పెట్టేశాను. వెర్షన్ 1.4.2ని 1.4.3 చేసి, లైబ్రరీ ఫైలొక్కటే దుకాణాలకు పంపాం.

గుంటూరులో ఓ ఎలక్ట్రికల్ షాపు. కౌంటరు ప్రోగ్రాము పాతదే. అది తయారైన రోజునే 'మూడో గడి డిస్కౌంటు' అని దాని ఒంట్లో అచ్చయిపోయింది. పేర్లు చూడదు, గడులు లెక్కపెట్టుకుని వెళ్తుంది. ఇప్పుడు ఆ మూడో గడిలో నా లైబ్రరీ పన్ను రాస్తోంది. 12.5 శాతం కలపాల్సిన చోట 12.5 శాతం తగ్గించి బిల్లులొచ్చాయి. ప్రోగ్రాము ఆగిపోయినా బాగుండేది, ఎవరో ఒకరు అరిచేవారు. వారం తర్వాత లెక్క చూసుకున్న యజమాని, కౌంటరు కుర్రాడు తెలిసినవాళ్ళకి డిస్కౌంట్లు పంచుతున్నాడనుకుని పనిలోంచి తీసేశాడు.

అంతా విని నాన్న, 'బస్సు మధ్యలో కొత్త సీటేసి నంబర్లన్నీ జరిపితే, పాత టిక్కెట్టున్నవాడు ఎవరి ఒళ్ళో కూర్చోవాలిరా? ఇది వేరే బస్సని బోర్డు పెట్టొద్దూ?' అన్నారు.

నేను మార్చనిది ఆ బోర్డే. లినక్స్‌లో లైబ్రరీ ఫైలు పేరు చివర ఓ అంకె ఉంటుంది. అది 1గానే ఉంది కనుక పాత ప్రోగ్రాముకి అనుమానం రాలేదు. 2 చేసి ఉంటే పాత ఫైలునే వెతుక్కునేది, దొరక్కపోతే అసలు మొదలయ్యేదే కాదు. (లినక్స్‌కి ఆయువుపట్టులాంటి జీలిబ్‌సీ లైబ్రరీలో, మామూలు కంప్యూటర్లలో, ఆ అంకె 1997 నుంచీ 6 దాటలేదు. పాత ప్రోగ్రాములకు పాత తీరులో, కొత్తవాటికి కొత్త తీరులో ఒకే ఫైలు జవాబిస్తుంది. అంత ఓపిక ఆ వయసులో నాకెక్కడిది!)

తప్పు మనదని ఫోన్లో చెప్పడానికి మా మేనేజరు ఒప్పుకోలేదు. ఆ రాత్రే బస్సెక్కాను. యజమాని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను కానీ, కుర్రాణ్ణి మాత్రం పిలిపించాడు. 2.0.0నీ, దానికి తగ్గట్టు మళ్ళీ తయారుచేసిన కౌంటరు ప్రోగ్రామునీ ఎక్కిస్తున్నంతసేపూ అతను నా వెనకే నిలబడ్డాడు.

'నేను తియ్యలేదని రాసిస్తారా సార్? మా అమ్మకి చూపించాలి.'

బిల్లు కాగితం వెనక రాసి, సంతకం చేసిచ్చాను.