ఊరంతా ఇంటికొచ్చే శనివారం

శుక్రవారం చీకటి పడేసరికి కొలంబియాలో విద్యార్థుల వసతి గృహాలున్న వీధులు జాతరలా మారిపోతాయి. ప్రతి ఇంటి ముందూ మనిషి ఎత్తును మించిన చెక్క పలకలు, వాటి నిండా రంగురంగుల బొమ్మలు. కాస్త దగ్గరికెళ్లి చూస్తే అది రంగు కాదు, కాగితం! పల్చటి టిష్యూ కాగితాన్ని చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి, ఒక్కోదాన్నీ ఉండలా చుట్టి, జిగురుతో అంటించి నింపిన బొమ్మలవి. ఆ పనికి ‘పాంపింగ్‌’ అని పేరు కూడా ఉంది. వారాల తరబడి రాత్రిళ్లు మేలుకుని వేలికొసలకు జిగురు అట్టలు కట్టేదాకా చేస్తారు. చేసేవాళ్లంతా పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలే. పరీక్షలకు కూడా అంత చదవరేమో!

బొమ్మల్లో కథ దాదాపు ఒకటే. పులి గెలుస్తుంది, ఎదుటివాడు పారిపోతాడు. వాటి ముందు విద్యార్థులు చిన్న చిన్న నాటికలు వేస్తుంటే, పిల్లల్ని భుజాలమీద కూర్చోబెట్టుకుని ఊళ్లోవాళ్లంతా ఒక్కో ఇల్లూ చూసుకుంటూ నడుస్తారు. ఈ హడావుడి అంతా తెల్లవారితే జరిగే ఫుట్‌బాల్‌ మ్యాచ్‌ కోసం.

అమెరికాలో మిస్సోరి రాష్ట్రం నడిబొడ్డున, సెయింట్‌ లూయిస్‌కీ కేన్సస్‌ సిటీకీ సరిగ్గా మధ్యలో ఉంటుంది కొలంబియా. అటు రెండొందల కిలోమీటర్లు, ఇటు రెండొందల కిలోమీటర్లు. 1839లో పెట్టిన మిస్సోరి విశ్వవిద్యాలయమే ఈ ఊరికి ప్రాణం. అందరూ ముద్దుగా ‘మిజ్జూ’ అంటారు. ప్రపంచంలోనే మొట్టమొదటి జర్నలిజం కళాశాల 1908లో మొదలైంది ఇక్కడే. కానీ ఊళ్లోవాళ్లని మీ ఘనత ఏమిటని అడిగితే ముందు చెప్పేది దాని గురించి కాదు, హోమ్‌కమింగ్‌ గురించి!

పూర్వ విద్యార్థులు ఏడాదికోసారి, సాధారణంగా అక్టోబరులో, తమ కళాశాలకు తిరిగొచ్చి సొంత మైదానంలో మ్యాచ్‌ చూసే పండగే హోమ్‌కమింగ్‌. ఆట మనకు తెలిసిన ఫుట్‌బాల్‌ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్‌ ఫుట్‌బాల్‌. విశ్వవిద్యాలయాలు కొన్ని కలిసి కాన్ఫరెన్స్‌ అనే కూటమిగా ఏర్పడి ఏటా తమలో తాము తలపడుతుంటాయి. అందుకే కూటమిలోని జట్ల మధ్య పాత బాకీలు ఓ పట్టాన తీరవు. హోమ్‌కమింగ్‌ రోజున అలాంటి జట్టు ఎదురైతే ఇక చెప్పాలా!

ఎవరూ రారేమోనన్న భయం

ఇంత సంబరానికి మూలం ఓ భయం. మిస్సోరి, కేన్సస్‌ విశ్వవిద్యాలయాల మధ్య పోటీ 1891లో మొదలైంది. రెండు జట్లూ ఏటా కేన్సస్‌ సిటీలో తలపడేవి. పెద్ద నగరం, రైళ్లు, హోటళ్లు... జనానికి లోటుండేది కాదు. అయితే ఇకమీదట మ్యాచ్‌లన్నీ విశ్వవిద్యాలయాల ఆవరణల్లోనే జరగాలని వాళ్ల కాన్ఫరెన్స్‌ నిబంధన తెచ్చింది. దాంతో 1911 మ్యాచ్‌ కొలంబియాకు వచ్చిపడింది. అప్పటికి ఊరి జనాభా పదివేల లోపే. ఇంత దూరం ఎవరొస్తారు? ఖాళీ మైదానంలో ఆడాల్సి వస్తే పరువేం కాను?

అప్పటి క్రీడా విభాగం అధిపతి చెస్టర్‌ బ్రూవర్‌కి ఓ ఆలోచన వచ్చింది. ‘ఇంటికి రండి’ అంటూ పూర్వ విద్యార్థులకు పిలుపు పంపారు. మ్యాచ్‌ చూడటానికి రమ్మంటే రానివాళ్లు కూడా ఇంటికి రమ్మంటే కదిలారు. ఊరేగింపు పెట్టారు, ఉత్సాహం నింపే సభ పెట్టారు. ఆ నవంబరు 25న రాలిన్స్‌ మైదానానికి తొమ్మిది వేలమందికి పైనే వచ్చారు. దాదాపు ఊరికి ఊరంత జనం!

అక్కడికి రాలేని కేన్సస్‌ అభిమానులు మాత్రం ఊరుకున్నారా! తమ ఊరు లారెన్స్‌లో వెయ్యిమందికి పైగా ఒకచోట చేరారు. కొలంబియా నుంచి నిమిషనిమిషానికీ టెలిగ్రాఫ్‌ వార్తలు వస్తుంటే, మైదానం నమూనా మీద బంతి ఎక్కడుందో చూపిస్తుంటే, ఆట కళ్లముందే జరుగుతున్నట్టు కేకలు పెట్టారు. రేడియో కామెంటరీ పుట్టకముందే ప్రత్యక్ష ప్రసారం అన్నమాట. ఇంతా చేస్తే ఆ మ్యాచ్‌ 3-3తో సమంగా ముగిసింది. రెండువైపులా ఎవరికీ తృప్తి లేదు. మళ్లీ ఏడాదికోసం ఎదురుచూడటానికి అంతకన్నా కారణం ఏం కావాలి?

హోమ్‌కమింగ్‌ పుట్టింది మా దగ్గరేనని మిజ్జూ వాళ్లు ఘంటాపథంగా చెబుతారు. 1909లోనే చేశామని బేలర్‌ విశ్వవిద్యాలయం, 1910లో చేశామని ఇల్లినాయిస్‌ అంటాయి. ఈ తగువు తేలేది కాదు. ఆ మాట కొలంబియాలో పైకి అనకపోవడమే మంచిది.

పక్కింటి పగ

కేన్సస్‌ అంటే మిస్సోరికి అంత పట్టింపు ఎందుకంటే, అది ఆటతో మొదలైంది కాదు. బానిసత్వం ఉండాలా వద్దా అన్న గొడవలో ఈ రెండు రాష్ట్రాల సరిహద్దు ఏళ్ల తరబడి రగిలింది. 1861లో కేన్సస్‌ దళాలు మిస్సోరిలోని ఆసియోలా పట్టణాన్ని తగలబెట్టాయి. 1863 ఆగస్టులో క్వాంట్రిల్‌ అనేవాడి ముఠా మిస్సోరి వైపు నుంచి వెళ్లి లారెన్స్‌ మీద పడి నూట యాభైమందికి పైగా మగవాళ్లనీ కుర్రాళ్లనీ చంపింది. ఆ రోజుల్లో దోపిడీ ముఠాల నుంచి కొలంబియాను కాపాడుకోవడానికి ఊళ్లోవాళ్లే ఏర్పాటుచేసుకున్న దళం పేరు ‘టైగర్స్‌’. మిజ్జూ జట్టు పేరూ అదే. కేన్సస్‌ జట్టు పేరు ‘జేహాక్స్‌’. సరిహద్దు దళాలను పిలిచిన పేరది. ఆ పేరు వాడొద్దని 2011లో కూడా ఆసియోలా పట్టణ పాలకులు తీర్మానం చేశారంటే, నూటయాభై ఏళ్లయినా ఎంత గుర్తుందో చూడండి.

2011 దాకా రెండు జట్లూ 120 సార్లు తలపడ్డాయి. వాటిలో 9 సమంగా ముగిశాయి. మరి గెలుపులు? మిస్సోరి లెక్కలో తమకు 57, కేన్సస్‌కు 54. కేన్సస్‌ లెక్కలో మిస్సోరికి 56, తమకు 55. ఎలాగంటే... 1960లో కేన్సస్‌ గెలిచింది. తర్వాత వాళ్ల ఆటగాడొకరికి ఆడే అర్హత లేదని తేల్చి, గెలుపును మిస్సోరికి రాసేశారు. కేన్సస్‌ ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఎవరి పుస్తకం వాళ్లదే! ఈ పోరును అందరూ ‘బోర్డర్‌ వార్‌’ అనేవారు. ఇరాక్‌ యుద్ధం జరుగుతున్న రోజుల్లో యుద్ధం అనే మాట బాగుండదని 2004లో అధికారికంగా పేరు మార్చారు. అభిమానుల నోట్లో మాత్రం మారలేదు.

ఆరు స్తంభాలు, ఒక అక్షరం

పూర్వ విద్యార్థి ఎన్నేళ్ల తర్వాత వచ్చినా ముందు వెళ్లేది ఆరు స్తంభాల దగ్గరికే. 1892 జనవరి 9న విశ్వవిద్యాలయపు ప్రధాన భవనం కాలిపోయింది. మిగిలింది ఈ స్తంభాలే. ఇదే అదనుగా విశ్వవిద్యాలయాన్ని సెడేలియాకు తరలించాలన్న మాట కూడా వచ్చింది. కొలంబియా గుండె గుభేలుమంది. చివరికి విశ్వవిద్యాలయం కదల్లేదు, స్తంభాలనూ కూల్చలేదు. ఇప్పుడు కొత్తగా చేరిన విద్యార్థులు వాటి మధ్య నుంచి భవనం వైపు పరుగెత్తుతారు. చదువు ముగించినవాళ్లు ఎదురు దిశలో, ఊరివైపు నడిచి వెళ్లిపోతారు. కొత్తవాళ్ల పరుగు ముగిశాక చేతికి ఇచ్చేది ‘టైగర్‌ స్ట్రైప్‌’ ఐస్‌క్రీమ్‌. బంగారు రంగు వెనీలాలో నల్లటి చాక్లెట్‌ చారలు. విశ్వవిద్యాలయంలోని బక్స్‌ ఐస్‌క్రీమ్‌ దుకాణంలో తయారవుతుంది. తలలు నెరిసినవాళ్లు కూడా హోమ్‌కమింగ్‌నాడు అక్కడ వరసలో నిలబడటానికి మొహమాటపడరు.

అక్కడి నుంచి స్టేడియం. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవారి జ్ఞాపకార్థం కట్టిన మెమోరియల్‌ స్టేడియం 1926లో మొదలైంది. పచ్చిక పరిచిన వారిలో డాన్‌ ఫారట్‌ ఒకరు. తర్వాత ఆయనే కోచ్‌ అయ్యారు. 1972లో మైదానానికి ఆయన పేరే పెట్టారు. మధ్యలో కృత్రిమ పచ్చిక వేసినా, 1995లో దాన్ని తీసి మళ్లీ అసలు గడ్డి పరిచారు. అప్పుడు ఆఖరి ముక్క వేసిందీ ఆయనే. ఆ అక్టోబరులోనే 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

స్టేడియం కట్టగా మిగిలిన రాళ్లతో 1927లో మొదటి సంవత్సరం విద్యార్థులు గట్టు మీద పెద్ద ‘ఎం’ అక్షరం పేర్చి సున్నం కొట్టారు. 1957లో నెబ్రాస్కా అభిమానులు రాత్రికి రాత్రి రాళ్లు జరిపి దాన్ని ‘ఎన్‌’గా మార్చేశారనీ, మ్యాచ్‌ మొదలయ్యేలోపు పరుగులమీద సరిచేశారనీ ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. ప్రత్యర్థి అంటే ఆ మాత్రం చొరవ ఉండాలి మరి!

ఆ ఒక్క రాత్రి

కొలంబియాలో నడివయసు దాటినవాళ్లనైనా, అప్పుడు విద్యార్థులుగా ఉన్నవాళ్లనైనా మరచిపోలేని హోమ్‌కమింగ్‌ ఏదని అడిగితే 2010 అక్టోబరు 23 అంటారు. వచ్చింది కాన్ఫరెన్స్‌ ప్రత్యర్థి ఓక్లహామా. ఆ వారం బీసీఎస్‌ పట్టికలో నంబర్‌వన్‌. అప్పటికి రెండు జట్లూ ఒక్క మ్యాచ్‌ కూడా ఓడలేదు. అయితే ఓక్లహామా చేతిలో మిస్సోరి వరసగా ఏడుసార్లు ఓడిపోయి ఉంది. ఆఖరి గెలుపు 1998లో. అంటే ఆ విద్యార్థులు ఒకటో రెండో తరగతి చదువుతున్నప్పుడన్నమాట.

ఈఎస్‌పీఎన్‌ వాళ్ల ‘కాలేజ్‌ గేమ్‌డే’ కార్యక్రమం తొలిసారి కొలంబియాకు వచ్చి స్తంభాల ముందు వేదిక వేసింది. తెల్లవారకముందే అక్కడ ఇసుకేస్తే రాలనంత జనం. పగలంతా ఎదురుచూపులే. సాయంత్రం మ్యాచ్‌ మొదలయింది. ఓక్లహామా తన్నిన మొట్టమొదటి బంతిని గాన్‌ మెక్‌గాఫీ అందుకుని 86 గజాలు పరిగెత్తి నేరుగా గీత దాటేశాడు. కూర్చోవడానికి వచ్చినవాళ్లు మళ్లీ కూర్చోలేదు. చివరికి 36-27తో గెలుపు. జనం మైదానంలోకి దూకి, గోల్‌ పోస్టులు పీకి భుజాన వేసుకుని, ఊళ్లోని హార్పోస్‌ బార్‌ దాకా మోసుకెళ్లారు. అక్కడ వాటిని ముక్కలుగా కోయడం ఈ ఊరి ఆచారం. ఎవరి ఇంటి అటకమీద ఏ ముక్క ఉందో!

ప్రత్యర్థి లేని పండగ

ఆ తర్వాత రెండేళ్లు తిరక్కుండానే ఆ కాన్ఫరెన్స్‌నే వదిలేసింది మిస్సోరి. 2012లో ఆగ్నేయ రాష్ట్రాల జట్లుండే ఎస్‌ఈసీలో చేరింది. పేరూ ఎక్కువే, టీవీ ఆదాయమూ ఎక్కువే. వెళ్లడం తప్పని వాదించడం కష్టం. కాకపోతే కేన్సస్‌కు కోపం వచ్చింది. 2011 నవంబరులో కేన్సస్‌ సిటీలో మిస్సోరి 24-10తో గెలిచిన మ్యాచే ఆఖరిదయింది. ఆ తర్వాత పద్నాలుగేళ్లపాటు ఫుట్‌బాల్‌లో ఆ రెండింటికీ మాటల్లేవు. ఏ జట్టు వస్తుందని ఊరిని ‘ఇంటికి రండి’ అని పిలిచారో ఆ జట్టే రావడం మానేసింది.

ఇక హోమ్‌కమింగ్‌కు అంత ఊపు ఉండదనుకున్నవాళ్లు ఉన్నారు. వెయ్యి కిలోమీటర్ల దూరంలోని జట్టు మీద పక్కింటివాడి మీదున్నంత కోపం ఎలా వస్తుంది? నిజమే, మొదట్లో కాస్త కష్టమే. కోపం కూడా పండాలి కదా. ఓడాలి, అన్యాయం జరిగిందనుకోవాలి, గుర్తుపెట్టుకోవాలి.

కానీ జనం రావడం మానలేదు. శనివారం పొద్దున్నే ఊరేగింపు. నలుపు, బంగారు రంగు దుస్తుల్లో మార్చింగ్‌ మిజ్జూ బ్యాండు, శకటాలు, దసరా పులివేషాలను తలపించేలా మొహాలకు చారలు వేసుకున్న పిల్లలు. ఒకవైపువాళ్లు ‘ఎం-ఐ-జెడ్‌’ అని అరిస్తే, ముక్కూమొహం తెలియని రెండోవైపువాళ్లు ‘జెడ్‌-ఓ-యు’ అని బదులివ్వాల్సిందే. స్టేడియం చుట్టూ కార్ల వెనక తలుపులు తెరిచి, పొయ్యిలు పెట్టి, మాంసం కాలుస్తూ మధ్యాహ్నం దాకా కబుర్లు. పొగ వాసనకే సగం ఆకలి తీరుతుంది. 1884 నుంచి ఉన్న బూచెస్‌లో మైనం కాగితం మీద పెట్టిచ్చే బర్గర్‌ కోసం, షేక్స్‌పియర్స్‌లో పిజ్జా కోసం వరసలు. ఆ పండగ సందర్భంగానే విద్యార్థులు భారీ రక్తదాన శిబిరమూ నడుపుతారు.

కొత్త కోపాలూ మెల్లగా పండుతున్నాయి. 2024 అక్టోబరు 19 హోమ్‌కమింగ్‌కి వచ్చింది ఆబర్న్‌. వాళ్ల పేరూ టైగర్సే! పులికీ పులికీ పోటీ. ఆట మొదలైన కాసేపటికే మిస్సోరి క్వార్టర్‌బ్యాక్‌ బ్రాడీ కుక్‌ చీలమండ గాయంతో బయటికెళ్లాడు. స్కానింగ్‌ కోసం ఆసుపత్రికి తీసుకెళ్లారని తెలిసి స్టేడియం చల్లబడిపోయింది. రెండో సగంలో అతను మళ్లీ మైదానంలోకి వస్తుంటే ఆ అరుపులు ఊరంతా వినిపించి ఉండాలి. అప్పటికి ఆబర్న్‌దే ఆధిక్యం. సొంత గీతకు ఐదు గజాల దూరం నుంచి మొదలుపెట్టి, 95 గజాలు జరుపుకుంటూ వెళ్లి, ఇంకా 46 సెకన్లు ఉందనగా గీత దాటారు. 21-17.

2025 సెప్టెంబరు 6న కేన్సస్‌ మళ్లీ కొలంబియా వచ్చింది. మిస్సోరి 42-31తో గెలిచింది. అది హోమ్‌కమింగ్‌ కాదు, కాన్ఫరెన్స్‌ మ్యాచ్‌ కూడా కాదు. అయినా ఆ పొద్దున స్టేడియం చుట్టూ పొయ్యిలు తెల్లవారకముందే వెలిగాయి. 1960 మ్యాచ్‌ లెక్క మాత్రం ఇంకా తేలలేదు.